వేడి అందని రోడ్డు మీద ట్రాక్ టైరు

మా వరండాలో గోడకు ఆనించి, పాత దుప్పటి కప్పి ఉంచిన రెండు చక్రాలను చూసిన కుర్రాళ్లు తప్పకుండా ఒకే ప్రశ్న అడుగుతారు. దుప్పటి తొలగించి, ఆ రబ్బరు మీద బొటనవేలు నొక్కి చూసి, ఇంత మంచి టైర్లు ఇంట్లో పెట్టుకొని రోజూ మామూలు టైర్ల మీద ఎందుకు తిరుగుతున్నావని అంటారు. పోయిన వారం మా స్నేహితుడి తమ్ముడు వచ్చి, ట్యూషన్లు చెప్పి కూడబెట్టిన డబ్బుతో పందెం ట్రాక్ కోసం చేసిన అలాంటి టైర్ల జతనే తన బైకుకు వేయించుకోబోతున్నానని, వానాకాలం దగ్గర పడింది కనుక పట్టు ఎక్కువున్న టైరైతే భద్రంగా ఉంటుందని చెప్పాడు. ఆ రోజు పని తొందరలో అతనికి వద్దని మాత్రమే చెప్పగలిగాను. ఎందుకు వద్దో నిదానంగా చెప్పవలసిన బాధ్యత నాకు ఉంది, ఎందుకంటే సరిగ్గా అదే ఆలోచనతో అదే పని ఒకప్పుడు నేను చేశాను, దాని గుర్తు నా ఎడమ మోకాలి మీద ఇప్పటికీ ఉంది.

ముందుగా నేను ఏ రెండింటిని పోలుస్తున్నానో స్పష్టంగా చెప్పాలి. నా బండి కేటీఎం ఆర్‌సీ 390. ముందు చక్రానికి 110/70, వెనుక చక్రానికి 150/60 కొలతల్లో 17 అంగుళాల టైర్లు పడతాయి. ఈ తరగతి బండ్లకు దొరికే మంచి టైర్లు రెండు తెగలు. పిరెల్లీ డయాబ్లో రోసో, మెట్జెలర్ స్పోర్టెక్, మిషెలిన్ పవర్ వంటివి రోడ్డు కోసం చేసిన స్పోర్ట్స్ టైర్లు. పిరెల్లీ డయాబ్లో సూపర్‌కోర్సా, మెట్జెలర్ రేస్‌టెక్, మిషెలిన్ పవర్ కప్ వంటివి ట్రాక్‌ను దృష్టిలో పెట్టుకొని చేసినవి. గాడులే లేని స్లిక్ టైర్ల సంగతి వేరు, అవి రోడ్డు మీదికి రాకూడనివి, కాబట్టి వాటిని వదిలేస్తున్నాను. నేను వాడిన రెండు జతల పేర్లు కూడా చెప్పడం లేదు, ఎందుకంటే నేను చెప్పబోయేది కంపెనీల మధ్య తేడా గురించి కాదు. ఈ ట్రాక్ టైర్లు నిజంగా పందేలకు పనికొచ్చేవేనా అన్న సందేహం ఉన్నవారికి ఒక ఉదాహరణ చాలు: 2004లో ప్రపంచ సూపర్‌బైక్ పోటీలకు టైర్లు అందించడం మొదలుపెట్టిన పిరెల్లీ, 2017లో మొదలైన 300 తరగతి పోటీకి గాడులున్న సూపర్‌కోర్సానే ఇచ్చింది. మనలాంటి చిన్న బండ్ల మీద పదిహేను, పదహారేళ్ల పిల్లలు ఆ టైర్ల మీదే మోకాలు నేలకు రాసుకుంటూ పందెం వేశారు.

అంత గొప్ప టైరు మన రోడ్డు మీద ఎందుకు పనికిరాదన్నది అర్థం కావాలంటే రబ్బరు రోడ్డును ఎలా పట్టుకుంటుందో కొంచెం చూడాలి. కంటికి నున్నగా కనిపించే తారు రోడ్డు రబ్బరు దృష్టిలో గుట్టలూ లోయలూ ఉన్న నేల. టైరు దాని మీద దొర్లేటప్పుడు రబ్బరు ఆ చిన్న చిన్న లోయల్లోకి దిగి, మళ్లీ పైకి లేస్తూ ఉండాలి. దిగేటప్పుడు ఖర్చు చేసిన శక్తినంతా లేచేటప్పుడు తిరిగి ఇచ్చేస్తే, అంటే రబ్బరు బంతిలా ఎగిరి పడితే, పట్టు తక్కువగా ఉంటుంది. నెమ్మదిగా, బద్ధకంగా లేచే రబ్బరు కొంత శక్తిని వేడిగా మార్చి తనలోనే ఉంచుకుంటుంది, ఆ బద్ధకమే మనకు పట్టుగా అందుతుంది. అయితే ఈ గుణం ఉష్ణోగ్రతను బట్టి మారిపోతుంది. ప్రతి రబ్బరు మిశ్రమానికి ఒక హద్దు ఉంటుంది. దానికి దగ్గరగా చల్లబడితే రబ్బరు గట్టి ప్లాస్టిక్‌లా ప్రవర్తించి లోయల్లోకి దిగడమే మానేస్తుంది. బాగా వేడెక్కితే మెత్తబడి, పై పొర తెగి, నేలకు పూసినట్టుగా జారిపోతుంది. ఈ రెండింటి మధ్య ఉన్న కొన్ని డిగ్రీల వెడల్పులోనే ఏ టైరైనా తన పని తాను చేస్తుంది.

రోడ్డు టైరు చేసేవారు ఆ వెడల్పును వీలైనంత పెంచి, దాన్ని కింది ఉష్ణోగ్రతల వైపు జరుపుతారు. రబ్బరులో మసికి బదులు సిలికాను ఎక్కువగా కలపడం అందుకు వారు ఎంచుకున్న ముఖ్యమైన దారి, ఎందుకంటే సిలికా కలిసిన రబ్బరు చలిలోనూ తడిలోనూ మెత్తదనం కోల్పోదు. ట్రాక్ టైరు చేసేవారికి ఆ అవసరం లేదు. వారి టైరు వార్మర్ అనే కరెంటు దుప్పటిలో 80 డిగ్రీల దాకా కాగి, బండ్లు ఆపుకునే పిట్ లేన్ నుంచి నేరుగా ట్రాక్ మీదికి వెళ్లి, ప్రతి మలుపులోనూ నలిగి ఆ వేడిని నిలుపుకుంటుందని వారి నమ్మకం. అందుకే మిశ్రమాన్ని ఎక్కువ వేడిలో తెగకుండా నిలబడేలా చేస్తారు. సూపర్‌కోర్సాలోనే ఎస్‌పీ అన్నది రోడ్డుకు కాస్త దగ్గరగా ఉండే రకం, ఎస్‌సీ అన్నది పూర్తిగా పందెం రకం. ఎస్‌సీ పక్కన ఉండే అంకె తగ్గేకొద్దీ రబ్బరు మెత్తబడుతుంది. ఎస్‌సీ1, ఎస్‌సీ2 అన్న ఆ చిన్న అంకెల వెనుక ఉన్నది ట్రాక్ ఎంత వేడిగా ఉంది, దాని పైపొర ఎంత గరుకుగా ఉంది, ఎన్ని ల్యాపులు (చుట్లు) తిరగాలి అన్న లెక్కే తప్ప, మంచిదీ అంతకంటే మంచిదీ అన్న లెక్క కాదు.

మొదటిసారి నేను చెన్నై పక్కన శ్రీపెరుంబుదూరు దగ్గరి ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌కు వెళ్లింది రోడ్డు టైర్ల మీదే. ఇప్పుడు మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్ అంటున్న ఆ ట్రాక్ 1990లో మొదలైంది, పొడవు 3.7 కిలోమీటర్ల పైచిలుకు, మలుపులు 12. మొదటి సెషన్‌లో నాకు టైరుతో ఏ ఇబ్బందీ కలగలేదు, ఎందుకంటే టైరు ఇవ్వగలిగినదాన్ని అడిగే నేర్పు నాకు అప్పటికి లేదు. మధ్యాహ్నం తర్వాత కొంచెం ధైర్యం వచ్చి, సీ1 అని పిలిచే ఆ వేగవంతమైన కుడి మలుపును యాక్సిలరేటర్ వదలకుండా దాటడం మొదలుపెట్టాక, నాలుగో ల్యాపులో వెనుక టైరు నూనె మీద దొర్లుతున్నట్టు అనిపించింది. జారి పడేయలేదు, కానీ మలుపు నుంచి బయటికి వచ్చే ప్రతిసారీ వెనుక భాగం మెల్లగా పక్కకు నడుస్తున్నట్టు ఉండేది.

పిట్‌లోకి వచ్చి చూస్తే టైరు కుడి అంచు తీరు నాకు ఇప్పటికీ కళ్లముందే ఉంది. అల వెనక్కి వెళ్లిన తర్వాత తడి ఇసుక మీద మిగిలే సన్నని మడతల్లాంటి గీతలు అంచు పొడవునా వరుసగా పడి ఉన్నాయి. అక్కడక్కడ ఆవగింజంత రబ్బరు ఉండలు అంటుకొని ఉన్నాయి, వేలితో తోస్తే వేడిగా దొర్లాయి. ఎడమ అంచు మాత్రం దాదాపు కొత్తగానే ఉంది, ఎందుకంటే అక్కడ బండ్లు గడియారం ముల్లు తిరిగే దిశలో తిరుగుతాయి, ఎక్కువ భారం కుడి మలుపుల్లోనే పడుతుంది. పక్క పిట్‌లో ఉన్న ఒక మెకానిక్ వచ్చి, ఏమీ మాట్లాడకుండా వెనుక టైరు గాలి చూసి, "పొద్దున ఎంత పెట్టావు అన్నా?" అని అడిగాడు. అతను నెల్లూరు వైపు మనిషి. ఆ ఒక్క ప్రశ్నతో నాకు నేర్పిన పాఠం మరే వీడియోలోనూ నాకు దొరకలేదు.

ఆ పాఠం లెక్క రూపంలో ఇలా ఉంటుంది. ఉదయం 30 డిగ్రీల దగ్గర నేను వెనుక టైరులో 29 పీఎస్‌ఐ గాలి పెట్టాను. గేజీ చూపించేది బయటి వాతావరణ పీడనానికి మించి ఉన్నదాన్ని మాత్రమే, కాబట్టి అసలు పీడనం అందుకు 14.7 కలిపి 43.7 అవుతుంది. లోపలి గాలి 80 డిగ్రీలకు కాగితే, సున్నా సెల్సియస్‌ను 273గా లెక్కించే కొలతలో ఉష్ణోగ్రత 303 నుంచి 353కు పెరుగుతుంది. పీడనం అదే నిష్పత్తిలో దాదాపు 51కి చేరుతుంది. అందులోంచి 14.7 తీసేస్తే గేజీ మీద 36 కనిపిస్తుంది. ఏడు పీఎస్‌ఐ పెరిగిన టైరు ఉబ్బి, నేలకు తగిలే అరచేయంత జాగా కాస్తా ఇంకా కుంచించుకుపోతుంది. అప్పటికే తన వెడల్పు దాటి వేడెక్కుతున్న రోడ్డు రబ్బరు మీద అదే బరువు తక్కువ జాగాలో పడి, మరింత త్వరగా మెత్తబడుతుంది. ఆ మెకానిక్ సలహా మీద మర్నాడు చల్లగా ఉన్నప్పుడు 26 పెట్టుకొని వెళ్లాను. సెషన్ చివర 33 దగ్గర ఆగింది, ఆ నూనె మీద నడక రెండు ల్యాపులు ఆలస్యంగా, అంత గట్టిగా కాకుండా వచ్చింది. రోడ్డు టైరును ట్రాక్ మీద గాలితో కొంతవరకు కాపాడుకోవచ్చు గాని, దాని హద్దును జరపలేమని అప్పుడు తెలిసింది.

ఆ తర్వాతి ట్రాక్ డేకు (మనలాంటివారు సొంత బండ్లతో ట్రాక్ మీద తిరిగే రోజుకు) ట్రాక్ టైర్లు వేయించుకున్నాను, తేడా నిజంగా చాలా పెద్దది. ముందుగా తెలిసేది ఆకారంలోని తేడా: ట్రాక్ టైరు మధ్యలో కొంచెం కోసుగా ఉండి, అంచులకు వెళ్లేకొద్దీ చదునుగా విశాలమవుతుంది, కాబట్టి బండి నిటారుగా నిలవడం కంటే వాలడానికి త్వరపడుతుంది, వాలాక నేలకు ఎక్కువ రబ్బరు ఆనుతుంది. అంచుల దగ్గర గాడులు దాదాపు ఉండవు. బ్రేక్ గట్టిగా పట్టినప్పుడు ముందు టైరు నలగడం, మళ్లీ నిలబడడం చేతులకు స్పష్టంగా తెలుస్తుంది. మొదటి రెండు ల్యాపులు జాగ్రత్తగా తిరిగిన తర్వాత, ఒక్కో మలుపులోనూ టైరు ఇంకా ఉంది, ఇంకా ఉంది అని చెబుతున్నట్టు ఉండేది. రోడ్డు టైర్ల మీద 2 నిమిషాల 24 సెకన్ల దగ్గర ఆగిపోయిన నా ల్యాపు ఆ రోజు 2 నిమిషాల 19 సెకన్లకు దిగింది. ఆ అయిదు సెకన్లలో టైరు వాటా ఎంత, టైరు మీద కలిగిన నమ్మకం వాటా ఎంత అన్నది విడదీయలేను, కానీ ఆరో ల్యాపూ, తొమ్మిదో ల్యాపూ ఒకే తీరుగా నడవడం మాత్రం పూర్తిగా టైరు పనే.

ఇక్కడే నేను తప్పు చేశాను. ఆ టైర్లు ఇంకా సగం మిగిలి ఉన్నాయి, అంత పట్టున్న రబ్బరును మూలన పడేయడం ఎందుకని హైదరాబాదుకు తిరిగి వచ్చాక వాటినే ఉంచేశాను. డిసెంబరులో ఒక ఆదివారం తెల్లవారుజామున లింగంపల్లి నుంచి చేవెళ్ల మీదుగా వికారాబాద్ వెళ్లి, టీ తాగుతూ ఇరవై నిమిషాలు ఆగి, అనంతగిరి గుట్టల దారి పట్టాను. చెట్ల నీడలో ఉన్న ఒక ఎడమ మలుపులో, గంటకు నలభై కిలోమీటర్లకు మించని వేగంతో, రోజూ తిప్పేటంతే యాక్సిలరేటర్ తిప్పాను. రోడ్డు మీద ఇసుక లేదు, తడి లేదు. వెనుక టైరు ముందస్తుగా ఏ సూచనా ఇవ్వకుండా పక్కకు వెళ్లిపోయింది, బండి నన్ను ఎడమ వైపు పడేసి పది అడుగులు జారింది. జీన్స్ ప్యాంటు మీదే వెళ్లినందున మోకాలు చెక్కుకుపోయింది. ఎదురుగా బస్సేదీ రాకపోవడం తప్ప నన్ను కాపాడింది మరొకటి లేదు.

ఎందుకు జరిగిందో తెలుసుకోకుండా ఉండలేకపోయాను. గాయం మానిన తర్వాత ఒక ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ కొని, అలాంటి చలి ఉదయమే, గాలి 14 డిగ్రీలు ఉండగా, అదే దారిలో నెమ్మదిగా వెళ్లి అదే చోట ఆగి టైరు మీద గురిపెట్టాను. మధ్య భాగం 31 డిగ్రీలు చూపించింది. అంచు దగ్గర 19 డిగ్రీలు. డెబ్బై కిలోమీటర్లకు పైగా తిన్నగా నడిచిన బండి మధ్య భాగాన్ని గోరువెచ్చగా చేసింది గాని, మలుపులో నేలకు ఆనవలసిన అంచును తాకనే లేదు. తర్వాత ట్రాక్‌కు వెళ్లినప్పుడు మూడు ల్యాపులకు అదే అంచు నాకు 78 డిగ్రీలు చూపించిన టైరు అది. (ఈ పరికరం పైపొర వేడిని మాత్రమే చూపుతుంది, ఆగిన నిమిషంలోనే అంకె పడిపోతుంది, పందెం జట్లు రబ్బరులోకి గుచ్చే సూది కొలమానాన్ని వాడేది అందుకే.) ఆ మరుసటి వారం రోడ్డు టైర్లు ఎక్కించుకొని వెళ్తే అంచు మీద 20 డిగ్రీలే కనిపించింది, కానీ ఆ టైరు ఆ మలుపును ఏ బెదురూ లేకుండా దాటించింది. ఉష్ణోగ్రత ఒకటే, ఒక రబ్బరు ఆ చలిలో మేలుకొని ఉంది, మరొకటి ఇంకా నిద్ర లేవలేదు.

రోడ్డు మీద గట్టిగా నడిపితే టైరు వేడెక్కుతుంది కదా అని కొందరు అంటారు. ట్రాక్ టైరు అడిగే వేడి పుట్టాలంటే ప్రతి పది సెకన్లకు ఒకసారి గట్టి బ్రేకో, నిండా వాలిన మలుపో కావాలి. శ్రీశైలం వెళ్లే నల్లమల దారిలోనైనా, మారేడుమిల్లి ఘాట్‌లోనైనా అలా నడిపేవారు టైరు కంటే ముందు ఎదుటివారి ప్రాణాల గురించి ఆలోచించాలి. మలుపు తిరగ్గానే కోతులో, పశువులో, కంకరో ఉంటాయి. కోతల కాలంలో రోడ్డు సగానికి వడ్లు ఆరబోసి ఉంటాయి. వడ్ల మీద ఏ టైరూ పనిచేయదు.

వాన సంగతి ఆ తమ్ముడి కోసం ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే అతను కొనాలనుకున్న కారణమే అది. వాన నీరు టైరుకు రెండు విధాలుగా హాని చేస్తుంది. రబ్బరుకూ రోడ్డుకూ మధ్య పొరగా చేరి టైరును పైకి లేపుతుంది, ఆ నీటిని బయటికి తోయడానికే గాడులు ఉన్నాయి. ట్రాక్ టైరులో అవి తక్కువ, అంచుల్లో లేనే లేవు. అంతకంటే ముఖ్యంగా నీరు టైరును చల్లబరుస్తుంది, అసలే వేడి అందని రబ్బరు తడి రోడ్డు మీద పూర్తిగా బిగుసుకుపోతుంది. చాలా రోజుల ఎండ తర్వాత పడే తొలి జల్లులో రోడ్డు మీది నూనె, దుమ్ము కలిసి పైకి తేలే ఆ పావుగంటలో సిలికా ఉన్న మంచి రోడ్డు టైరుకే జాగ్రత్త కావాలి. ట్రాక్ టైరు మీద ఆ పావుగంట అసలు బండి తీయకూడదు.

మన్నిక గురించి ఎక్కువ చెప్పను. నా వెనుక రోడ్డు టైరు తొమ్మిది వేల కిలోమీటర్లు నడిచింది. ట్రాక్ టైరు నాలుగు ట్రాక్ డేలకు అయిపోతుంది. ఎక్కువమందికి తెలియనిది, కాగి చల్లారిన ప్రతిసారీ ట్రాక్ రబ్బరు కొంచెం కొంచెం గట్టిపడుతుందన్న సంగతి. గాడి లోతు మిగిలి ఉన్నా, అన్నిసార్లు కాగిన టైరు మొదటి రోజు ఇచ్చిన పట్టు ఇవ్వదు. ఎవరో ట్రాక్ మీద వాడి తక్కువ ధరకు అమ్మే టైరును రోడ్డు కోసం కొనేవారు ఈ ఒక్క విషయం గుర్తుంచుకొని వెనక్కి తగ్గాలని గట్టిగా కోరుతున్నాను. కొత్తదైనా పక్కగోడ మీద నాలుగంకెల తేదీ చూడాలి: 1424 అంటే 2024లో 14వ వారంలో తయారైనదని అర్థం.

కార్లకూ ఇదే వర్తిస్తుంది. టెక్సాస్‌లో ఉండే మా పెదనాన్నగారి అబ్బాయి ఆస్టిన్‌లోని 20 మలుపుల సర్క్యూట్‌లో తన కారును తిప్పుతుంటాడు. అక్కడ కారు టైర్ల పక్కగోడ మీద అరుగుదలను సూచించే అంకె తప్పనిసరి, అది ఎంత పెద్దదైతే టైరు అంత నెమ్మదిగా అరుగుతుందని అర్థం. మిషెలిన్ పైలట్ స్పోర్ట్ 4ఎస్ మీద 300 ఉంటే, ట్రాక్ వైపు మొగ్గే పైలట్ స్పోర్ట్ కప్ 2 మీద సైజును బట్టి 180, 240 వంటి అంకెలు ఉంటాయి. చాలా క్లబ్బులు తమ పోటీల్లోని రోడ్డు టైర్ల తరగతుల్లో 200కు తక్కువున్న టైర్లను ఒప్పుకోవు. ఆ అంకెను తయారీదారులే నిర్ణయించుకుంటారు కాబట్టి ఒక కంపెనీని మరో కంపెనీతో పోల్చడానికి అది పనికిరాదు, కానీ ఒకే కంపెనీ రెండు టైర్ల మధ్య తేడా చూపడానికి పనికొస్తుంది. మన మోటారు సైకిల్ టైర్లకు ఆ అంకె కూడా లేదు.

ఇప్పుడు నేను చేస్తున్నది ఇది: రెండో జత రిమ్ములు కొని ట్రాక్ టైర్లను వాటికే ఉంచాను. ట్రాక్ డేకు వెళ్లేటప్పుడు బండినీ ఆ చక్రాలనూ వ్యానులో వేసుకొని వెళ్తాను. ఆరు వందల కిలోమీటర్లకు పైగా ఉన్న తిన్నని హైవే మీద ఆ మెత్తని రబ్బరు మధ్య భాగాన్ని అరగదీసి చదును చేసుకోవడం నాకు ఇష్టం లేదు. ఏడాదికి ఒకటి రెండు సార్లే ట్రాక్‌కు వెళ్లేవారికి ఈ ఏర్పాటు అనవసరం. రోడ్డు స్పోర్ట్స్ టైరు వారికి నేర్చుకోవడానికి కావలసినంత ఇస్తుంది; పైగా హద్దు దగ్గరికి వచ్చినప్పుడు అది మెల్లగా, ముందే చెప్పి జారుతుంది, కొత్తవారికి ఆ హెచ్చరిక విలువ చాలా ఎక్కువ. సెషన్ తర్వాత సెషన్ టైరు వేడెక్కి జారడమే ల్యాపును ఆపుతోందని తెలిసిన రోజున ట్రాక్ టైరు కొంటే అది పెట్టిన ప్రతి రూపాయికీ పని చేస్తుంది.

ఈ ఆదివారం ఆ తమ్ముణ్ని ఇంటికి పిలిచి, రెండు జతల అంచులనూ పక్కపక్కనే పెట్టి వేలితో తడిమి చూడమన్నాను. తన డబ్బుతో రోడ్డు స్పోర్ట్స్ టైర్లే వేయించుకుంటానన్నాడు. వచ్చే ట్రాక్ డేకు వ్యానులో అతని బండికీ చోటు ఉంచాను. ఉదయం వెనుక టైరులో 26 పెట్టుకోవాలని, ఇంటికి వచ్చి తిరిగి రోడ్డెక్కే ముందు చల్లారిన టైరును మళ్లీ 29కి నింపుకోవాలని అతని ఫోనులో రాయించాను.